వేలి మందం తేడా

నా చిన్నప్పుడు, తొమ్మిదో పదో ఏడు నడుస్తుండగా, మా ఊరికి భూమి ఎత్తు కొలిచే మనుషులు వచ్చారు. బరంపురం నుంచి దిగపహండి వెళ్ళే దారిలో, రోడ్డును ఆనుకుని ఉండే చిన్న పల్లె మాది. ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా, సంతకు వెళ్తే రెండూ కలిపి మాట్లాడేవాళ్ళం. పొలాలు కొలిచే అమీన్లు మాకు కొత్త కాదు. వాళ్ళొచ్చి గొలుసు లాగుతుంటే, ఎవరి గట్టు ఎటు జరిగిపోతుందోనన్న భయంతో ఊళ్ళో మగవాళ్ళందరూ వెంటబడి తిరిగేవారు. ఈ వచ్చినవాళ్ళు మాత్రం ఎవరి పొలంలోనూ అడుగు పెట్టలేదు. రోడ్డు వెంబడే వచ్చారు. మూడు కాళ్ళ మీద నిలబెట్టిన ఒక ఇత్తడి గొట్టం, దాని మీద ఎండ పడకుండా పట్టుకునే పెద్ద గొడుగు, మనిషికి రెండింతల పొడవున్న రెండు చారల కర్రలు, ఇదీ వాళ్ళ సరంజామా. ఒక కర్ర వెనక, ఒక కర్ర ముందు, నడుమ ఆ గొట్టం. గొట్టంలోంచి వెనక్కి చూసి ఒక అంకె చెప్పేవారు, ముందుకు చూసి ఇంకో అంకె చెప్పేవారు. పక్కనున్న గుమాస్తా రాసుకునేవాడు. తర్వాత అందరూ కొంత దూరం ముందుకు జరిగి మళ్ళీ అదే పని. సముద్రం ఒడ్డు నుంచి ఇలాగే నడుచుకుంటూ వస్తున్నారని తెలిసి మా నాన్న ముక్కున వేలేసుకున్నాడు.

వాళ్ళ పెద్దాయనను అందరూ సర్వే బాబు అనేవారు. కటక్ వైపు ఒడియా మనిషి, తక్కువ మాట్లాడేవాడు. మిగిలినవాళ్ళంతా ఒడియావాళ్ళే, ఒక్క ముసలాయన తప్ప. ఆయన గోపాల్‌పూర్‌కి దిగువన సముద్రం ఒడ్డున ఉన్న పేటలో పుట్టిన తెలుగువాడు. వయసులో ఉండగా చేపల వేటకు వెళ్ళేవాడట. తర్వాత ఈ పనిలో చేరి, చలికాలం మొదలైన దగ్గర నుంచి ఎండలు ముదిరేదాకా చారల కర్ర పట్టుకుని ఊళ్ళు తిరుగుతూ చాలా ఏళ్ళు గడిపాడు. మా ఊరి పిల్లలం ఆయన్ని కర్ర తాత అని పిలిచేవాళ్ళం. బడి వరండాలో దిగారు వాళ్ళు. మా ఇల్లు బడికి ఎదురుగానే ఉండేది. మంచినీళ్ళ కోసం వచ్చిన తాత, మా అమ్మ నోట తెలుగు మాట విని అరుగు మీద అలా కూర్చుండిపోయాడు. ఆ రోజు నుంచి మధ్యాహ్నం పూట ఆయనకు మా ఇంట్లోనే చోడి అంబలో, చద్దన్నమో పెట్టేది అమ్మ.

మా నాన్నకు ఒక గర్వం ఉండేది. ఊరంతటిలో మా అరుగే ఎత్తు అని. వానాకాలంలో ఊరు బురదైనా మా గుమ్మం తడవదని వచ్చిన ప్రతివాడికీ చెప్పేవాడు. ఆ మాట విని తాత నవ్వి, అమ్మను ఇత్తడి పళ్ళెం అడిగి తీసుకున్నాడు. దాన్ని అరుగు అంచున పెట్టి, అటూ ఇటూ చిన్న రాళ్ళు దోపి, నీళ్ళు అంచుదాకా నింపాడు. నన్ను నేల మీద మోకాళ్ళ మీద కూర్చోబెట్టి, కన్ను నీటి అంచుకు ఆనించి ఎదర చూడమన్నాడు. ఆ నీటి గీత మీదుగా చూస్తే ఎదురుగా బడి మెట్లలో రెండోది కనిపించింది. మూడో మెట్టూ, దాని మీది వరండా అంతా మా అరుగుకు పైనే ఉన్నాయి.

“సూసినావా అమ్మీ? నీరు ఎవులి పక్కా మాటాడదు,” అన్నాడు తాత.

నాన్న కూడా వంగి చూశాడు. తర్వాత తనే నవ్వేసి, అయితే బడే ఎత్తుగా ఉండాలిలే అని లోపలికి వెళ్ళిపోయాడు.

అప్పటి నుంచి నేను తాత వెంట తిరగడం మొదలుపెట్టాను. ఎండలు ముదిరాయని బడి ఒంటిపూటే నడిచేది. ఒకరోజు సర్వే బాబు నన్ను పిలిచి గొట్టంలోంచి చూడనిచ్చాడు. అందులో లోకం తలకిందులుగా ఉంది. నేల పైన, ఆకాశం కింద. బావి దగ్గర నుంచి బిందెతో వస్తున్న మా అమ్మ ఆకాశంలోకి తల వేలాడేసి నడుస్తోంది. నేను కేక పెడితే ఆ నవ్వని బాబు కూడా నవ్వాడు. తాత నాకు కర్ర ఎలా పట్టుకోవాలో నేర్పాడు. దాని వెనక ఒక చిన్న గాజు బిళ్ళలో నీటి బుడగ ఉండేది. ఆ బుడగ నడిమధ్య నిలిస్తేనే కర్ర నిటారుగా ఉన్నట్టు. నేను పడితే బుడగ పరుగులు తీసేది. ఆయన పడితే, పెంచిన పిట్టలా వచ్చి మధ్యలో కూర్చునేది.

“మెట్టు మీద మెట్టు అమ్మీ. మా సముద్రం కాణ్ణించి మీ ఊరుదాకా ఎన్ని మెట్లు ఎక్కినామో లెక్క నేదు. అందులో ఒక్క మెట్టు తప్పిందంటే, దాని మీదవన్నీ తప్పే,” అని చెప్పాడు ఒకసారి.

నాకది అర్థమైందనే అనుకున్నాను. తల ఊపాను.

మా ఊరి కల్వర్టు రాతి మీద ఎత్తు గుర్తు చెక్కడం అయిపోయాక, అక్కడి నుంచి దిగపహండి వైపు కొలత మొదలైంది. మళ్ళీ రాతి గుర్తు దిగపహండిలోనే. నడిమధ్య ఎక్కడా లేదు. మొదటి రోజు పొద్దున్నే బయలుదేరి ఊరి శివారు దాటేసరికి ఎండ మండిపోతోంది. మధ్యాహ్నపు ఎండలో రోడ్డు మీద గాలి వేడికి అల్లాడుతుంది కదా, గొట్టంలో అంకెలు కూడా అలాగే ఆడతాయట. అందుకని నడిమి పొద్దు వేళ ఆపేసి, ఎండ వాలాక మళ్ళీ మొదలుపెట్టేవారు. ఆపిన చోట రోడ్డు పక్కన పొడవాటి ఇనుప మేకు ఒకటి దిగ్గొట్టేవారు. గుండ్రటి తల ఒక్కటే బొటనవేలంత పైకి కనిపించేది. పొద్దున ఆఖరి కొలత ఆ తల మీద ఆగుతుంది, సాయంత్రం మొదటి కొలత ఆ తల మీదే మొదలవుతుంది. ఈలోగా దాన్ని ఎవరూ కదపకుండా ఒక మనిషి కాపలా ఉండాలి. ఆ వంతు తాతది.

ఆ రోజు మా ఇంట్లో చేపల పులుసు. మా అమ్మ తాతను తీసుకురమ్మని నన్ను పంపింది. మేకును వదిలి రానన్నాడు. పులుసు వాసన గురించి నేను కాస్త ఎక్కువే చెప్పాను. పొద్దున నుంచి నడిచిన మనిషి, ఆకలితో ఉన్నాడు. మేకు చుట్టూ మూడు రాళ్ళు పెట్టి, తన తలపాగా విప్పి నా నెత్తిన చుట్టాడు.

“అమ్మీ, ఇక్కడే కూకో. ఎక్కడికీ ఎల్లకు. ఎవుల్నీ ముట్టనీకు. బేగి తినీసి వొచ్చీస్తాను.”

నాకు ఎంత గొప్పగా అనిపించిందో చెప్పలేను. సముద్రం నుంచి మోసుకొచ్చిన ఎత్తంతా ఇప్పుడు నా చేతికిచ్చి వెళ్ళాడాయన. మోకాళ్ళు దగ్గరకు ముడుచుకుని, కొంగలా కదలకుండా కూర్చున్నాను. ఎంతసేపు కూర్చున్నానో తెలియదు. అంతలో పొలాల అవతల నుంచి డోలు మోగింది.

అది చైత్రం. మా గంజాంలో చైత్రమాసంలో దండనాట వాళ్ళు జెండాలు పట్టుకుని ఊరూరా తిరుగుతారు. మిట్టమధ్యాహ్నం కాలిపోయే దుమ్ములో పడుకుని, లేచి, వరసలు కట్టి ఆడతారు. ఆ ఏడు మా ఊరికి రాలేదని పిల్లలందరం బెంగ పెట్టుకున్నాం. డోలు పక్క ఊరి దారిలోంచి వినిపిస్తోంది. గట్టెక్కి ఒక్కసారి చూసి వద్దామనుకున్నాను. గట్టెక్కాను. జెండాలు కనిపించాయి. ఇంకో గట్టు దాటితే మనుషులు కనిపిస్తారనిపించింది. దాటాను. అక్కడ దుమ్ములో దొర్లుతున్నవాళ్ళను చూస్తూ నిలబడిపోయాను.

తిరిగి వచ్చేసరికి రోడ్డు దాటుతున్న గేదెల మంద చివరి తోకలు కనిపించాయి. మూడు రాళ్ళూ చెదిరి ఉన్నాయి. మేకు ఒక పక్కకు ఒరిగి ఉంది. రెండు చేతులతో దాన్ని నిటారుగా లాగాను. వదులుగా ఊగుతోంది. పక్కనున్న రాయి తీసుకుని, ఊగకుండా ఉండేదాకా కొట్టాను. గట్టిగా దిగింది. ఇంతకుముందు బొటనవేలంత పైకి ఉన్న తల ఇప్పుడు నేలకు దగ్గరగా ఉంది. ఒక వేలి మందం కిందికి పోయిందేమో, అంతే. చుట్టూ మట్టి సవరించాను. రాళ్ళు మళ్ళీ పేర్చాను. కూర్చున్నాను.

తాత మూతి తుడుచుకుంటూ వచ్చాడు. వంగి మేకు చూశాడు.

“ఎవులూ ముట్టనేదు గదా అమ్మీ?”

“నేదు తాతా.”

ఆ మాట ఎంత తేలిగ్గా వచ్చిందో ఇప్పటికీ నాకు ఆశ్చర్యం. ఆయన ఇంకేమీ అడగలేదు. నా నెత్తి మీది తలపాగా తీసి తన తలకు చుట్టుకున్నాడు. ఎండ వాలాక అందరూ వచ్చారు. తాత మేకు తల మీద కర్ర నిలబెట్టాడు. బుడగ మధ్యలోకి వచ్చి ఆగింది. బాబు అంకె చెప్పాడు, గుమాస్తా రాసుకున్నాడు, అందరూ ముందుకు నడిచారు. ఆకాశం విరిగి పడలేదు. ఏమీ కాలేదనుకుని నేను ఇంటికి పరుగెత్తాను.

నాలుగైదు రోజులకు వాళ్ళు దిగపహండి నుంచి వెనక్కి వచ్చారు. ఊరికే రాలేదు, అదే దారిని తిరిగి కొలుచుకుంటూ వచ్చారు. వెళ్ళేటప్పటి లెక్క, వచ్చేటప్పటి లెక్క కలిస్తేనే ఆ కొలత నమ్మదగ్గదట. అది నాకు అప్పటిదాకా తెలియదు. ఆ సాయంత్రం అమ్మ మజ్జిగ చెంబు ఇచ్చి బడికి పంపింది. నేను వెళ్ళేసరికి వరండాలో అందరూ బాబు చుట్టూ చేరి ఉన్నారు. బాబు పుస్తకం మీద వంగి, రెండు లెక్కలూ కలవక కూడిందే కూడుతున్నాడు. నేను స్తంభం పక్కన ఆగిపోయాను.

చివరికి ఆయన తలెత్తి ఒడియాలో అడిగాడు, మధ్యాహ్నాలు మేకు దగ్గర ఎవరున్నారని. నేనే ఉన్నాను బాబూ అన్నాడు తాత. ఒక్క క్షణం కూడా వదల్లేదు కదా అని మళ్ళీ అడిగాడు. వదల్లేదన్నాడు. ఒక పసిపిల్లకు కాపలా అప్పగించి వెళ్ళానని చెప్పుకోలేకపోయి ఉంటాడు. అప్పుడు బాబు ఆయన్ని కర్ర తెచ్చి పట్టుకోమన్నాడు. తాత వరండా ముందు నిలబడి కర్ర పట్టుకున్నాడు. రోజంతా నడిచి వచ్చిన మనిషి, వయసు మళ్ళిన మనిషి, నలుగురి కళ్ళూ తన మీదే ఉన్న మనిషి. కర్ర కొస వణికింది. అందరం చూశాం.

బాబు కసురుకోలేదు. కసురుకుని ఉంటే నాకు ఏడుపైనా వచ్చి, ఆ ఏడుపుతో నిజమైనా బయటపడేదేమో. ఆయన లేచి వచ్చి తాత భుజం మీద చెయ్యి వేశాడు. ఈ దారంతా మళ్ళీ మొదటి నుంచి నడవాలని, కర్ర ఇంకెవరైనా పడతారని, ఇక ఇంటి దగ్గర విశ్రాంతి తీసుకోమని మెల్లగా చెప్పాడు. తాత తల ఊపి, ఆ కర్రను గోడకు ఆనించి పెట్టాడు. జారకుండా ఉందో లేదోనని రెండోసారి సరిచేసి మరీ పెట్టాడు.

నేను ఆయనకు పది అడుగుల దూరంలో ఉన్నాను. ఒక్క మాట చాలు. గేదెలు తొక్కాయి, నేను రాయితో కొట్టాను అంటే చాలు. వాళ్ళకు మళ్ళీ అంత దారి నడిచే పని ఉండేది కాదు, తప్పు ఫలానా చోట పడిందని తెలిసిపోయేది. ఇవన్నీ ఇప్పుడు చెబుతున్న మాటలు. అప్పుడు నాకు తెలిసిందల్లా నాన్న కొడతాడన్న భయం. మజ్జిగ చెంబు మెట్టు మీద పెట్టి వచ్చేశాను.

మర్నాడు పొద్దున తాత బరంపురం బస్సు కోసం మా అరుగు మీదే కూర్చున్నాడు. అమ్మ దారికి అటుకులు కట్టి ఇచ్చింది. నేను తలుపు చాటు నుంచి బయటకు రాలేదు. ఆయనే పిలిచాడు. దగ్గరకు తీసుకుని నెత్తి నిమిరాడు.

“సెయ్యి పోనాది అమ్మీ. మరేటి సేస్తాం. నువ్వు బాగా సదువుకో,” అన్నాడు.

నవ్వుతూనే అన్నాడు. బస్సెక్కాడు. ఆ నవ్వు పట్టుకుని నేను చాలా ఏళ్ళు బతికాను. ఆయనకు అంతా తెలుసు, మేకు తల మీద రాయి గుర్తు చూసే ఉంటాడు, నన్ను కాపాడాలని తప్పు తన మీద వేసుకున్నాడు, తెలిసే క్షమించి నెత్తి నిమిరాడు. ఇలా అనుకున్నాను. ఎన్నిసార్లు అనుకున్నానంటే, నాకది జరిగిన సంగతే అయిపోయింది. తర్వాత చదువుకుని టీచరునయ్యాను. బరంపురం శివారు హల్దియాపదర్‌లో పిల్లలకు భూగోళం చెప్పేదాన్ని. కొండల ఎత్తులు ఎలా తెలుస్తాయో చెప్పే పాఠం వచ్చినప్పుడల్లా కర్ర తాత కథ చెప్పేదాన్ని. ఒక చిన్నపిల్ల తప్పును తన నెత్తిన వేసుకున్న మహానుభావుడని. పిల్లలు కళ్ళు పెద్దవి చేసుకుని వినేవారు. కథలో ఆయన ఎంత పెద్దవాడైతే నా తప్పు అంత చిన్నదయ్యేది. ఆ కిటుకు నేనే కనిపెట్టి, నేనే మోసపోయాను.

నలభై దాటాక ఒక ఆదివారం, అప్పటికి బరంపురం లంజిపల్లిలో ఇల్లు కట్టుకున్నాం, ఎందుకో మనసు ఊరుకోక గోపాల్‌పూర్ బస్సెక్కాను. దిగి పేటల వెంబడి అడుగుతూ వెళితే, సర్వే తాత ఇల్లా అని ఒకాయన చూపించాడు. తాత పోయి చాలా కాలమైంది. ఆయన కూతురు ఇంటి ముందు ఇసుకలో చేపలు ఆరబెడుతోంది. నాకన్నా పెద్దావిడ. మీ నాన్న మా ఊరు వచ్చాడు, మా ఇంట్లో భోంచేశాడు అంటే సంబరపడింది. నులక మంచం వాల్చి కూర్చోమంది. చేతులు మాత్రం చేపలు తిరగేస్తూనే ఉన్నాయి.

మా ఊరి నుంచి ఇంటికి వచ్చాక తాత ఎలా ఉండేవాడని అడిగాను.

“ఏటి సెప్పమంతావమ్మా? ఒచ్చినకాణ్ణించి పడవెక్కనేదు. తెడ్డు పట్టమంతే, నా సెయ్యి నిలవదు, నలుగుర్నీ ముంచీగల్ననీవోడు. వల అల్లీవోడు, ముడి సరిగ్గా పడనేదనీసి అంతా ఇప్పీసీవోడు. ఆ సెయ్యి వొణకనేదమ్మా, మేం సూస్నాం గదా. ఆయనకే దాని మీద నమ్మకం పోనాది.”

మా ఊరి గురించి ఏమైనా చెప్పేవాడా అన్నాను.

“ఎందుకు సెప్పడు? అక్కడ ఓ పిల్లగుంట వుండేదట. మేకు కాడ కాపలా పెడితే, ఆ ఎండలో కదలకుండా కూకుందట. అంత సిన్న గుంటకున్న నిలకడ నాకు నేకపోనాదే అనీసి ఎన్నిపాల్లు అన్నాడో.”

సముద్రం మోత చెవుల్లో నిండిపోయింది. ఆయనకు తెలియదు. రాయి గుర్తు చూడలేదు. చూసే అవసరమే ఆయనకు రాలేదు, నన్ను అడిగాడు, నేను లేదన్నాను. నా మాట నమ్మాడు కాబట్టి, లెక్క తప్పినప్పుడు అనుమానించడానికి ఆయనకు తన చెయ్యి ఒక్కటే మిగిలింది.

ఆ రోజు చెప్పాను. దండనాట, గేదెలు, రాయి, అన్నీ చెప్పాను. ఆవిడ చేతులు ఆగిపోయాయి. నా వంక కాదు, ఇసుక వంక చూసింది.

“మా అయ్యకి సెప్పాల్సిన మాట నాకు సెప్తన్నావు,” అంది. గొంతులో కోపం కూడా లేదు. మళ్ళీ చేపలు తిరగెయ్యడం మొదలుపెట్టింది. నేను వెళ్ళొస్తానని లేచేసరికి ఆవిడ తర్వాతి వరసకు జరిగింది.

కొన్నాళ్ళు ఆ కథ క్లాసులో చెప్పడం మానేశాను. తర్వాత మళ్ళీ చెప్పాను, ఈసారి జరిగింది జరిగినట్టుగా. రిటైరయ్యేదాకా ఏటేటా చెప్పాను. ప్రతి ఏడూ ఎవరో ఒక పిల్ల లేచి అడిగేది, ఆయన మిమ్మల్ని క్షమించాడా టీచర్ అని. క్షమించాలంటే ముందు ఆయనకు తెలియాలి కదమ్మా, నేను తెలియనివ్వలేదు అని చెప్పేదాన్ని. ఆ పిల్లలు ఎక్కడెక్కడికో వెళ్ళిపోయారు, ఆ ప్రశ్న మాత్రం నా దగ్గరే ఉండిపోయింది. ఇన్నేళ్ళలో దానికి ఇంకో జవాబు దొరకలేదు.